టీకా లెక్కలో మన అవ్వాతాతలు ఎక్కడ ఉన్నారు?



టీకా అనగానే మనందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది తల్లి ఒడిలోని పసిబిడ్డ. బిడ్డ పుట్టగానే బీసీజీ వేస్తారు. ఆ తర్వాత ఏ నెలలో ఏ టీకా వేయించాలో ఏఎన్‌ఎం చెబుతుంది, కార్డు ఇస్తుంది. తేదీ దాటిపోతే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అడుగుతుంది. అదే ఇంట్లో నులక మంచం మీద కూర్చున్న 70 ఏళ్ల అవ్వకు ఏ టీకా పడింది, ఎప్పుడు పడింది అని అడిగితే చెప్పేవారు ఉండరు. ఆమెకు కార్డు లేదు. తేదీ దాటిపోయిందని గుర్తు చేసేవారూ లేరు.

పెద్దవాళ్లలో టీకా అందనివారు ఏ మండలంలో, ఏ ఊళ్లో, ఏ వీధిలో ఎక్కువగా ఉన్నారో ఆరోగ్య శాఖ లెక్కలను బట్టి ఎలా కనుక్కోవచ్చో ఈ సంచికలో వివరిస్తున్నాము. ఇది అధికారుల పని, మనకెందుకు అని పేజీ తిప్పవద్దని మనవి. లెక్కలో తప్పిపోయిన మనిషి ఎక్కడో దూరాన ఉండరు. మన వీధి చివరి ఇంట్లోనే ఉండవచ్చు.

పెద్ద వయసులో టీకా ఎందుకు?

వయసు మీద పడేకొద్దీ కళ్లు, చెవులు, మోకాళ్లు మందగించినట్లే శరీరంలోని రోగనిరోధక శక్తి కూడా మందగిస్తుంది. దీనికి తోడు చక్కెర వ్యాధి, రక్తపోటు, ఉబ్బసం, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఉంటాయి. పాతికేళ్ల కుర్రవాడికి ఫ్లూ జ్వరం వస్తే నాలుగు రోజులు పడుకుని లేస్తాడు. అదే జ్వరం చక్కెర వ్యాధి ఉన్న 70 ఏళ్ల మనిషికి వస్తే నిమోనియాగా మారవచ్చు. చక్కెర అదుపు తప్పవచ్చు. గుండె మీద భారం పడవచ్చు. పది రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణంతో ఇల్లు చేరినా, మునుపటిలాగా ఒకరి సాయం లేకుండా నడిచే శక్తి తిరిగి రాకపోవచ్చు.

మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం ముఖ్యంగా పిల్లల కోసం, గర్భిణుల కోసం ఏర్పాటైనది. పెద్దవాళ్లకు ఇచ్చే ఫ్లూ టీకా, నిమోనియా టీకా అందులో లేవు. కావలసినవారు ఆసుపత్రిలో డబ్బు పెట్టి వేయించుకోవాలి. అందువలన వీటిని తీసుకున్నవారు ఎంతమందో చెప్పే రిజిస్టరు కూడా ఏ పీహెచ్‌సీలోనూ సరిగా ఉండదు.

అయినా ఒక పెద్ద సర్వే కొంత వెలుగు చూపింది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఆధ్వర్యంలో 2017-18లో దేశమంతటా సుమారు 72 వేల మందితో ‘లాసీ’ అనే వృద్ధాప్య అధ్యయనం మొదటి విడత జరిగింది. అందులో 45 ఏళ్లు, ఆపైన వయసున్నవారిలో ఫ్లూ టీకా తీసుకున్నవారు 1.5 శాతం మాత్రమే. నిమోనియా టీకా 0.6 శాతం. టైఫాయిడ్ 1.9 శాతం, హెపటైటిస్-బి 1.9 శాతం. ఏ టీకా చూసినా నూటికి ఇద్దరు కూడా లేరన్నమాట.

కోవిడ్ కాలం నేర్పిన పాఠం

పెద్దవాళ్ల టీకాల విషయంలో మనకు మొట్టమొదటిసారిగా పేరు పేరునా లెక్క దొరికింది కోవిడ్ కాలంలోనే. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుండి 60 ఏళ్లు దాటినవారికి, ఇతర జబ్బులు ఉండి 45 ఏళ్లు దాటినవారికి ఇచ్చారు. ఏప్రిల్ 1 నుండి 45 ఏళ్లు దాటినవారందరికీ ఇచ్చారు. ప్రతి డోసూ ‘కోవిన్’ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదైంది. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సచివాలయాల ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, అప్పుడు ఉన్న వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పిలుచుకొని వచ్చారు.

దీని ఫలితం చిన్నది కాదు. రెండు డోసులూ తీసుకున్నవారిలో మరణం నుండి రక్షణ 97.5 శాతం వరకు ఉందని భారత వైద్య పరిశోధన మండలి 2021 సెప్టెంబరులో తెలిపింది. రాష్ట్రంలో కేసులు, మరణాలు బాగా ఎక్కువగా నమోదైన జిల్లాల్లో మన ఉమ్మడి చిత్తూరు ఒకటి కాబట్టి ఈ అంకె విలువ మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే అందరూ కేంద్రానికి రాలేదు. ఆ సంవత్సరం వెలువడిన మార్గదర్శకాలను వరుసగా చూడండి. గుర్తింపు కార్డులు లేనివారికి కూడా టీకా వేసే పద్ధతిని 2021 మే 6న ప్రకటించారు. ముసలివాళ్ల కోసం, వికలాంగుల కోసం ఇంటికి దగ్గరగా కేంద్రాలు పెట్టాలని మే 27న చెప్పారు. మంచం దిగలేనివారికి ఇంటి వద్దే వేయవచ్చని సెప్టెంబరులో అనుమతించారు. నవంబరులో ‘హర్ ఘర్ దస్తక్’ పేరుతో ఇంటింటి తలుపు తట్టే కార్యక్రమం మొదలుపెట్టారు. పిలిస్తే వచ్చేవారు కొందరు, మనమే వెళ్లి వెతకవలసినవారు కొందరు అని ఎనిమిది నెలల అనుభవంలో తేలింది. ఆ వెతకవలసినవారిలో ఎక్కువమంది పెద్దవాళ్లూ, పేదవాళ్లూ, ఊరికి దూరంగా ఉండేవాళ్లూను.

2022 జనవరి 10న ముందు జాగ్రత్త డోసు మొదలైంది. రెండవ డోసు తీసుకున్నవారు దేశంలో దాదాపు 95 కోట్ల మంది కాగా, ఈ మూడవ డోసు 23 కోట్ల లోపే ఆగిపోయింది. భయం తగ్గగానే వరుస కూడా తగ్గిపోయింది.

ఇదే సమయంలో హాంగ్‌కాంగ్‌లో జరిగింది అందరికీ హెచ్చరిక. ధనిక నగరం, మంచి ఆసుపత్రులు, టీకాలకు కొరత లేదు. కాని వయసు పెరిగేకొద్దీ టీకా తీసుకున్నవారు తగ్గిపోయారు. 2022 జనవరి 6 నుండి మార్చి 21 వరకు అక్కడ కోవిడ్‌తో 5,906 మంది చనిపోయారు. వారిలో 96 శాతం మంది 60 ఏళ్లు దాటినవారు. ఆ పెద్దవాళ్లలో 70 శాతం మంది ఒక్క డోసు కూడా తీసుకోనివారు. నగరం మొత్తానికి వేసిన సగటు బాగానే కనిపించింది. ఆ సగటు వెనుక అవ్వాతాతలు ఉండిపోయారు.

సగటు ఎలా మోసం చేస్తుంది?

దీన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాము. ఇవి నిజమైన ఊరి అంకెలు కావు, అర్థం కావడానికి మేము వేసుకున్నవి.

ఒక పంచాయతీలో 60 ఏళ్లు దాటినవారు 920 మంది ఉన్నారనుకోండి. పెద్ద ఊళ్లో 800 మంది. రోడ్డుకు దూరంగా ఉన్న మూడు చిన్న కాలనీల్లో ఒక్కొక్క దానిలో 40 మంది చొప్పున 120 మంది. పెద్ద ఊళ్లో 760 మంది టీకా వేయించుకున్నారు, అంటే 95 శాతం. మూడు కాలనీల్లో కలిపి 36 మంది వేయించుకున్నారు, అంటే 30 శాతం.

రెండూ కలిపితే 920 మందిలో 796 మంది. పంచాయతీ సగటు 86.5 శాతం. ఈ అంకె మండల కార్యాలయానికి పోతే ‘బాగుంది’ అంటారు. జిల్లాకు పోతే ఇంకా పెద్ద సగటులో కలిసిపోతుంది.

ఇప్పుడు టీకా అందనివారిని లెక్కించండి. పెద్ద ఊళ్లో 40 మంది, కాలనీల్లో 84 మంది, మొత్తం 124 మంది. అంటే పంచాయతీ పెద్దవాళ్లలో 13 శాతం మంది మాత్రమే ఉండే ఆ మూడు కాలనీల్లోనే, టీకా అందనివారిలో మూడింట రెండు వంతుల మంది ఉన్నారు. ఏఎన్‌ఎం చేతిలో ఒక్కరోజే ఉంటే, ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో ఈ విడి లెక్క చెబుతుంది. సగటు చెప్పదు.

ఇంకొక సంగతి. టీకా వేయించుకోనివారు అక్కడొకరు ఇక్కడొకరుగా చెదిరి ఉండటం వేరు, ఒకే చోట గుంపుగా ఉండటం వేరు. ఒకరి నుండి ఒకరికి అంటే జబ్బు గుంపులోకి ప్రవేశించిందంటే ఆగే చోటు ఉండదు. అందుకే శాతం ఎంత అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. మిగిలినవారు ఎక్కడ ఉన్నారన్నది కూడా అడగాలి.

పైన అంకె, కింద అంకె

ఏ శాతానికైనా రెండు అంకెలు కావాలి. పైన టీకా తీసుకున్నవారు, కింద ఆ చోట ఉన్న పెద్దవాళ్లు మొత్తం. ఈ రెండింటిలో ఏది తప్పినా శాతం తప్పుతుంది. మన ప్రాంతంలో రెండూ తప్పే అవకాశం ఉంది.

ముందు కింది అంకె. మన దగ్గర ఉన్న చివరి జనగణన 2011 నాటిది. అప్పుడు ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. దేశంలో 60 ఏళ్లు దాటినవారు 8.6 శాతం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. 2011లో 45 ఏళ్లు ఉన్న మనిషి 2026 నాటికి 60లోకి వస్తాడు. పనికోసం బెంగళూరు, చెన్నై, కువైట్ వెళ్లిన పిల్లల వలన కొన్ని పల్లెల్లో పెద్దవాళ్ల వంతు బాగా పెరిగింది. పాత అంకెతో భాగిస్తే వచ్చే శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కోసారి నూటికి మించి కూడా వస్తుంది. నూటికి మించిన శాతం కనిపిస్తే సంతోషించకూడదు, కింది అంకె తప్పని అనుమానించాలి.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాలు, నెల్లూరు నుండి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలతో కలిసి తిరుపతి జిల్లా అయ్యాయి. మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. మిగిలినది చిత్తూరు జిల్లా. 2021 నాటి ‘చిత్తూరు’ అంకెను, 2022 తర్వాతి ‘చిత్తూరు’ అంకెను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనుకుంటే అది పొరపాటు. పేరు ఒకటే, ప్రాంతం వేరు. అందుకని పోలిక ఎప్పుడూ మండలం స్థాయిలో, ఇంకా మంచిది సచివాలయం స్థాయిలో చేయాలి.

ఇక పై అంకె. కోవిడ్ టీకా ఏ కేంద్రంలో వేస్తే ఆ కేంద్రం లెక్కలోకి వెళ్లింది, మనిషి సొంత ఊరి లెక్కలోకి కాదు. తిరుపతి వంటి ఊరికి చదువుకు, ఉద్యోగానికి, వైద్యానికి, కొండకు నిత్యం బయటివారు వస్తారు. వారికి ఇక్కడ వేసిన డోసు తిరుపతి అంకెను పెంచుతుంది. గుడిపాల వైపు మనిషి వేలూరులో, కుప్పం వైపు మనిషి కోలారులో వేయించుకుంటే ఇక్కడి అంకె తగ్గుతుంది. సరిహద్దు మండలాల్లో శాతం తక్కువగా ఉంటే వెంటనే ‘ఇక్కడివారికి అవగాహన లేదు’ అని తీర్మానించకూడదు.

ఆరోగ్యవరం చూపిన దారి

కాగితం మీది అంకెను నమ్మలేనప్పుడు ఏమి చేయాలి? ఇంటింటికీ వెళ్లి లెక్కించాలి. ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలోని యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం సంగతి పాత తరం వారికి బాగా తెలుసు. 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో ఇప్పటి స్థలానికి చేరిన సంస్థ అది. దాని మొదటి పెద్ద డాక్టరు డెన్మార్క్ దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. మన దేశంలో బీసీజీ టీకా 1948లో ప్రారంభమైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత 1950 నుండి 1955 వరకు ఆయన కుమారుడు డాక్టర్ జె. ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరులు చుట్టుపక్కల పల్లెల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని వివరాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి.

వారు ఆసుపత్రికి వచ్చిన రోగులతో సరిపెట్టుకోలేదు. ఇంటింటికీ తిరిగి జనాభా రాసుకున్నారు. చేతి మీద ట్యుబర్‌క్యులిన్ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేశారు. ఎందుకంటే ఆసుపత్రి రిజిస్టరులో ఉండేది నడిచి రాగలిగినవారి పేర్లే. రాలేనివారి పేర్లు ఊళ్లోనే ఉంటాయి.

ఈ పద్ధతి మీ అందరికీ కళ్లారా తెలిసినదే. పల్స్ పోలియో రోజుల్లో మీ ఇంటి గోడ మీద సుద్దతో ‘పి’ అని గాని, ‘ఎక్స్’ అని గాని రాసిపోయేవారు. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పి’. ఎవరైనా మిగిలిపోతే ‘ఎక్స్’. మరునాడు బృందం నేరుగా ‘ఎక్స్’ ఉన్న ఇళ్లకే వచ్చేది. 2011 జనవరి 13 తర్వాత మన దేశంలో సహజ పోలియో కేసు రాలేదు, 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చిందంటే ఆ సుద్ద గీతల పాత్ర తక్కువేమీ కాదు. పసిపిల్లల కోసం చేసిన ఆ పని అవ్వాతాతల కోసం కూడా చేయవచ్చు.

ఏ లెక్కలను పక్కపక్కన పెట్టాలి?

మన పల్లెల్లో పెద్దవాళ్ల జాబితాలు లేకపోలేదు. ఒక్కో జాబితా ఒక్కో చోట ఉంది, అంతే.

మొదటిది పింఛను జాబితా. ప్రతి నెలా మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికి వెళ్లి పింఛను ఇస్తున్నారు కాబట్టి పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఆ జాబితాకు బాగా తెలుసు. కాని పింఛను అందరికీ రాదు. రెండవది ఓటర్ల జాబితా. ఇందులో వయసు ఉంటుంది, కాని చనిపోయినవారి పేర్లు, ఊరు వదిలి వెళ్లినవారి పేర్లు మిగిలిపోతాయి. మూడవది బీపీ, షుగర్ రోగుల కోసం ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు చేసే ఇంటింటి సర్వే. నాలుగవది ఆసుపత్రుల రిజిస్టర్లు. నిమోనియాతో చేరిన పెద్దవాళ్లు ఏయే ఊళ్ల నుండి వస్తున్నారో వరుసగా రాసుకుంటే, ఒకే పల్లె పేరు మళ్లీ మళ్లీ కనిపించవచ్చు. అది ఒక సూచన.

వీటిని పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి ఇది. ముందు సచివాలయం పరిధిలో 60 ఏళ్లు దాటినవారు మొత్తం ఎంతమందో తేల్చాలి. తర్వాత వారిని ఊరి వారీగా కాక వీధి, కాలనీ, తండా వారీగా విడదీయాలి. ఆపైన టీకా పడినవారికి గుర్తు పెట్టాలి. మిగిలినవారు ఎక్కువగా ఉన్న చోటును పటం మీద చుక్కపెట్టి, పీహెచ్‌సీ ఎంత దూరం, బస్సు ఉందా, వారి ఇంటి భాష ఏది అని పక్కన రాయాలి. చివరగా ఒకసారి స్వయంగా వెళ్లి చూడాలి. వెళ్లి చూడని పటం నమ్మదగినది కాదు.

ఇలా చూసేటప్పుడు మన ప్రాంతంలో ముందుగా వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట వైపు యానాది కాలనీలు. తంబళ్లపల్లె, మదనపల్లె వైపు సుగాలి తండాలు. ఇటుక బట్టీల దగ్గర, మామిడి తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు. పిల్లలు పట్నాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దల ఇళ్లు. ఈ చివరివారిని పేదల జాబితాలో వెతికితే కనిపించరు. ఇల్లు పెద్దది, బ్యాంకులో డబ్బు ఉంటుంది, ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషే ఉండడు.

చోటు తెలిసింది, కారణం తెలియాలి

పటం మీద చుక్క ‘ఎక్కడ’ అని చెబుతుంది. ‘ఎందుకు’ అని చెప్పదు. టీకా వేయించుకోనివారందరినీ ‘మూఢనమ్మకం’ అని ఒకే గాటన కట్టడం సులువు. కాని అది తరచుగా నిజం కాదు.

ఒకచోట పీహెచ్‌సీకి రెండు ఆటోలు మారాలి. ఒకచోట అవ్వను తీసుకువెళితే కోడలికి ఆ రోజు కూలి పోతుంది. ఒకచోట ఇంట్లో ఫోను లేదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు పెద్దవాళ్లలో తమిళం మాట్లాడేవారు, కుప్పం వైపు తమిళం, కన్నడం మాట్లాడేవారు, మదనపల్లె, పుంగనూరులలో ఉర్దూ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. తెలుగులో మైకు పెట్టి చెప్పినది వారికి సగమే చేరుతుంది. ఇంకొకచోట మొదటి డోసు తర్వాత జ్వరం వచ్చి భయపడ్డారు, ఆ జ్వరం మామూలేనని ముందుగా ఎవరూ చెప్పలేదు. చాలా ఇళ్లలో వినబడే మాట మరొకటి ఉంది: “ఈ వయసులో నాకెందుకు నాయనా, పిల్లోళ్లకు వేయండి.” ఇది మొండితనం కాదు. తన ప్రాణానికి తానే తక్కువ విలువ కట్టుకోవడం. ఆ మాటకు జవాబు చెప్పవలసింది డాక్టరు కాదు, ఆమె కొడుకూ కూతురూ మనవళ్లూను.

కారణం మారితే మందు మారుతుంది. దూరం కారణమైతే టీకా వాహనం కాలనీకి రావాలి. కూలి కారణమైతే సాయంత్రం వేళ శిబిరం పెట్టాలి. భయం కారణమైతే కూర్చుని ఓపికగా మాట్లాడాలి. అందరికీ ఒకే కరపత్రం పంచితే కాగితం ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

లెక్కకూ హద్దులున్నాయి

అడిగి రాసుకునే సమాచారంలో ఒక చిక్కు ఉంది. మన పల్లెల్లో టీకా అయినా, నొప్పికి వేసే ఇంజెక్షన్ అయినా అన్నిటికీ ‘సూది’ అనే అంటాము. “సూది వేయించుకున్నావా అవ్వా?” అంటే “వేసినారు నాయనా” అంటుంది. ఏ సూది? కార్డు గాని, ఫోనులో సందేశం గాని చూడకుండా ‘అవును’ అని రాస్తే లెక్క తప్పుతుంది.

రెండవది చిన్న అంకెల చిక్కు. పది మంది పెద్దవాళ్లున్న కాలనీలో ఇద్దరు వేయించుకుంటే శాతం 20 పెరుగుతుంది, ఇద్దరు ఊరు వెళితే అంతే తగ్గుతుంది. అటువంటి చోట శాతం కన్నా పేర్ల జాబితా మేలు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పేర్ల జాబితా ఎవరి చేతిలో ఉండాలి? ఏఎన్‌ఎం చేతిలో, ఆశా కార్యకర్త చేతిలో, వైద్యుని చేతిలో. గోడ మీద కాదు, వాట్సాప్ గ్రూపులో కాదు, సంఘ కూడికలో చదివి వినిపించడానికి కాదు. ఫలానా కాలనీవారు వేయించుకోలేదని పదిమందిలో అంటే, ఆ కాలనీ మీద వేలెత్తి చూపినట్లవుతుంది. కోవిడ్ మొదటి నెలల్లో రోగి ఇంటి ముందు బారికేడ్లు కట్టినప్పుడు ఆ కుటుంబాలు పడిన అవమానం మనం మరచిపోలేదు. సాయం చేరడానికి లెక్క కావాలి, వెలివేయడానికి కాదు.

బీసీజీ విషయమే మరో ఉదాహరణ. పెద్దవాళ్లకు బీసీజీ ఇస్తే క్షయ తగ్గుతుందా అని తెలుసుకోవడానికి 2024లో అనేక రాష్ట్రాల్లోని ఎంపిక చేసిన జిల్లాల్లో అధ్యయనం మొదలైంది. 60 ఏళ్లు దాటినవారు అందులో ఒక వర్గం. 1968లో మన పొరుగున చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. అందుకే దీన్ని మళ్లీ పరీక్షిస్తున్నారు. లెక్క నిజాయితీగా ఉంటేనే టీకా పనిచేసిందో లేదో తెలుస్తుంది. పనిచేయలేదని తెలియడం కూడా ప్రజలకు మేలే.

మన కుటుంబాలు ఏమి చేయవచ్చు?

1. ఇంట్లో 60 ఏళ్లు దాటిన ప్రతివారికీ ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. ఏ టీకా, ఏ తేదీ, ఏ ఆసుపత్రి అని రాయండి. వాడే మందులు, పడని మందులు వేరే పేజీలో రాయండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు దాన్ని తప్పక తెండి.

2. డాక్టరును మీరే అడగండి. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఫ్లూ టీకా ఏటా ఒకసారి వేయించుకోవాలి. నిమోనియా టీకాలో రకాలున్నాయి, ఎన్ని డోసులన్నది రకాన్ని బట్టి ఉంటుంది. పొలం పనుల్లో గాయాలు తగిలేవారికి ధనుర్వాతం, కంఠసర్పి నుండి కాపాడే టీడీ పదేళ్లకొకసారి అవసరం. ‘అక్కి’ అని మనం పిలిచే జబ్బుకు 2023 నుండి మన దేశంలో కొత్త టీకా దొరుకుతోంది. ఇవన్నీ అందరికీ అవసరం కాకపోవచ్చు, ఖర్చు కూడా ఉంది. మీ వయసు, మీ జబ్బులు చూసి ఏది ముందో డాక్టరు చెబుతారు.

3. స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, ఇంతకుముందు టీకాతో ఒళ్లంతా దద్దుర్లు గాని ఆయాసం గాని వచ్చినవారు ఆ మాట ముందే చెప్పాలి. ఎక్కువ జ్వరంతో ఉన్నప్పుడు టీకా వాయిదా వేయించుకోండి.

4. ఆశా కార్యకర్త సర్వేకు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరి పేర్లూ చెప్పండి. మంచం పట్టినవారిని, మతిమరుపు వచ్చినవారిని చెప్పడం మరచిపోకండి. లెక్కలో లేనివారికి టీకా రాదు, ఫిజియోథెరపీ రాదు, ఏదీ రాదు.

5. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరో ఆలోచించండి. వారి అనుమతితో వారి సంగతి ఏఎన్‌ఎంకు తెలియజేయండి. టీకా రోజున ఆటోలో తోడు వెళ్లండి. ఆ సాయంత్రం ఒకసారి వెళ్లి జ్వరం వచ్చిందేమో చూసి, కాస్త జావ కాచి ఇచ్చి రండి.

ఈ ఐదింటిలో దేనికీ కంప్యూటరు అక్కరలేదు. జిల్లా కార్యాలయంలోని పటం మీద మీ వీధి ఒక చుక్క మాత్రమే. ఆ చుక్కలో ఎన్ని ఇళ్లున్నాయో, ఏ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో మీకే బాగా తెలుసు. పై నుండి వచ్చే లెక్క, వీధి నుండి వెళ్లే లెక్క రెండూ కలిసినప్పుడే సరైన ఇంటికి సరైన సమయంలో టీకా చేరుతుంది.

ఈ నెలలో మా ఆసుపత్రికి వచ్చే ప్రతి కుటుంబాన్నీ మేము ఒక్క మాట కోరుతున్నాము. మీ పిల్లల టీకా కార్డు తెచ్చేటప్పుడు, ఇంట్లో అవ్వ నోటు పుస్తకం కూడా తెండి. అది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. మొదటి పేజీ కలిసి రాద్దాము.